లోపలి పిల్లి, బయటి పిల్లి

మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి బయల్దేరిన మనిషికి పిల్లి ఎదురొస్తే ఏం చెయ్యాలో ఏ ఉపన్యాసంలోనూ ఉండదు. అందుకని చక్రధరరావుగారు తమ తాతగారు ఏం చేసేవారో అదే చేశారు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి, కుర్చీలో కూచుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయల్దేరారు.

ఎదురు ఫ్లాటు గుమ్మంలో కూచుని ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతున్న నూకరత్నం ఇదంతా చూసింది. చూసి ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. మర్యాదకి పోయి అడిగింది.

"ఏవండీ, ఏదన్నా మర్చిపోయారేటండీ?"

"కళ్ళజోడు," అన్నారు చక్రధరరావుగారు.

కళ్ళజోడు అంతకు ముందూ, ఆ తరవాతా కూడా ఆయన ముక్కు మీదే ఉంది. నూకరత్నం దాని వంక చూసిన సంగతి ఆయన చూశారు. ఆ చూపుకి ఆయన మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు సాయంత్రానికి సర్క్యులరుగా మారింది.

కాకినాడలో హరివిల్లు రెసిడెన్సీ అనే ఆ అపార్టుమెంటు సంఘానికి చక్రధరరావుగారు అధ్యక్షులు. ఏదో శాఖలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఏ శాఖో ఎవరికీ సరిగా గుర్తులేదు గాని, అందులో ఏ పనీ జరక్కుండా చూసే బాధ్యత ఆయనదేనని మాత్రం అందరికీ నమ్మకం. తుమ్మితే ఆగకండి, బల్లి పడితే తలంటుకోకండి అని బడిపిల్లలకి చెప్పడం ఇప్పుడాయన వ్యాపకం. అలాంటి మనిషి పోయి పోయి పిల్లి అపశకునమని ఎలా అంటారు? అనలేరు. కాని పిల్లి మాత్రం పోవాలి. దానికి శాస్త్రీయమైన కారణం ఒకటి దొరకాలి. దొరికింది.

"ప్రజారోగ్య దృష్ట్యా, ఆవరణలో సంచరించు సమస్త మార్జాలములకు వర్తించు టీకాలను వేయించి, ధ్రువపత్రములను సంఘమునకు సమర్పించవలెను. లేనియెడల సదరు మార్జాలములను ఆవరణ నుండి తొలగించడమగును."

సమస్త మార్జాలములంటే ఒక్కటే. అది నూకరత్నం పెంచుకుంటున్న పిల్లిపిల్ల.

పెంచుకుంటున్నదని అనడం కూడా పూర్తిగా నిజం కాదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అలా తిప్పుతూ వీధిలో తల్లిపిల్లి ఒకటి సన్‌షేడ్ మీదుగా వచ్చి ఒక పిల్లని నూకరత్నం గుడ్డముక్కల బుట్టలో పెట్టింది. తక్కిన రెండింటినీ తేవడానికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నూకరత్నం మొగుడు ఆయిల్ ట్యాంకరు నడుపుతూ నెలలో ముప్పాతిక వంతు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో చప్పుడు చేసేది కుట్టు మిషనొక్కటే. అలాంటి ఇంట్లో ఒక ప్రాణి బుట్టలోంచి తలెత్తి ఆమె వంక చూసి మ్యావుమంది. అంతే, నూకరత్నం పని అయిపోయింది. కాకినాడలో పుట్టింది కదా, పైగా దర్జీ ఇంట్లో పెరుగుతోంది కదా అని దానికి కాజా అని పేరు పెట్టింది. అన్నం తినేటప్పుడు దాన్ని పక్కన కూచోబెట్టుకుని, ఎవరి జాకెట్టు ఎవరికి బిగుతయిందో అన్నీ దానికే చెప్పుకునేది.

సర్క్యులర్ అందిన మర్నాడే ఆమె జగన్నాథపురంలో పశువుల డాక్టరు ఎస్తేరుగారి దగ్గరికి వెళ్ళింది. కాజాని ఎండలో తీసుకెళ్ళడమెందుకని, ముందు ఏయే ఇంజెక్షన్లు కావాలో కనుక్కుందామని ఒక్కతే వెళ్ళింది.

"ఎన్నాళ్ళది?" అంది డాక్టరు ఎస్తేరు, ఓ మేక నోరు పట్టుకుని చూస్తూ.

"పళ్ళొచ్చాయండి. నా వేళ్ళు కొరికేస్తాంది. రెండు నెల్లుంటాయేమో."

"అయితే ముందు మూడు జబ్బులకి కలిపి ఒక ఇంజెక్షన్ ఉంటుంది. అది ఏ పిల్లికైనా వెయ్యాల్సిందే. నెల లోపు మళ్ళీ అదే ఇంకోసారి. మూడు నెల్లు దాటాక రేబిస్‌ది. ఇవి తప్పవు. ఇంకోటుంది గాని అది పిల్లిని బట్టి. ఇంట్లోనే ఉండే పిల్లయితే అక్కర్లేదు. బయట తిరిగి నలుగురితో కొట్లాడొచ్చేదయితే ఆలోచించాలి."

"మాది ఇంట్లోనే ఉంటాదండి. మహా అయితే వరండాలోకి వస్తాది."

"మరింకేం. రేపే తీసుకురా. మీ వైపు పిల్లులకి వాంతుల జబ్బు తిరుగుతోంది. చిన్నపిల్లకి అంటుకుందంటే చూస్తుండగానే పోతుంది. ఆలస్యం చెయ్యకు."

ఇంత చిన్న సంగతి. ఇంకొకరయితే మర్నాడు పొద్దున్నే పిల్లిని సంచిలో వేసుకెళ్ళి వేయించుకొచ్చేవారు. కాని నూకరత్నం అద్దెకున్న మనిషి. అద్దెకున్నవాళ్ళు ఊపిరి పీల్చినా సంఘానికి చెప్పి పీల్చడం మంచిదని ఆమె అనుభవం. ఆ సాయంత్రం సెల్లారులో సంఘం సమావేశం జరుగుతోంటే వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"డాక్టరమ్మని అడిగానండి. మాది ఇంట్లో పిల్లి కాబట్టి రెండు రకాలు చాలన్నారండి. బయటి పిల్లులకయితే ఇంకోటంటండి."

సమావేశంలో ముగ్గురున్నారు. అధ్యక్షులు చక్రధరరావుగారు, కార్యదర్శి తాతబాబు, న్యాయ సలహాదారు లలితాంబగారు. తాతబాబు ఆ అపార్టుమెంటు కట్టిన బిల్డరు. ఒక మెట్టు వేసినా దానికి శంకుస్థాపన చేసి ఫోటో దిగుతాడు. లలితాంబగారు సివిల్ కోర్టులో ప్లీడరు. ఆవిడ వేసిన దావాల్లో కొన్ని మనవల తరానికి వచ్చాయి.

"ఇంట్లో పిల్లి అని ఎవరు నిర్ణయించారు?" అన్నారు చక్రధరరావుగారు.

"నేనేనండి. మా ఇంట్లోనే ఉంటాది గదండి."

"ఉండటం వేరు, నిర్ణయించడం వేరు. లోపల, బయట అనే ఈ వర్గీకరణ చాలా కీలకమైన విషయం. దీన్ని వ్యక్తుల ఇష్టాయిష్టాలకి వదిలిపెట్టలేం. టీకా అనేది పిల్లిని బట్టి. పిల్లి అనేది వర్గాన్ని బట్టి. వర్గం అనేది సంఘాన్ని బట్టి."

లలితాంబగారు కుర్చీలో ముందుకి జరిగారు. ఆవిడ అలా జరిగారంటే ఎవరికో మూడినట్టే.

"పిల్లి ప్రస్తుతం ఎక్కడుందన్నది కాదండీ ప్రశ్న. దాని ఉద్దేశం ఏమిటి? ఏమ్మా, అది కిటికీలోంచి బయటికి చూస్తుందా?"

"చూస్తాదండి. కాకులొస్తే."

"రాసుకోండి. బయటి ప్రపంచం పట్ల ఆసక్తి కలదు."

"మరి బాల్కనీ లోపలా, బయటా?" అని అడిగాడు తాతబాబు. అడిగాక తనే నాలిక్కరుచుకున్నాడు. ఎందుకంటే ఫ్లాట్లు అమ్మేటప్పుడు బాల్కనీ లోపలని చెప్పి అమ్మాడు. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లానులో బయటని చూపించాడు. బాల్కనీ విషయం వాయిదా వెయ్యాలని ఆయనే ప్రతిపాదించి ఆయనే బలపరిచాడు.

కాఫీలు వచ్చాయి. పకోడీలు వచ్చాయి. పకోడీలు అయిపోయే వేళకి తీర్మానం తయారయింది. గేటు దాటని పిల్లి లోపలి పిల్లి. గేటు దాటినది బయటి పిల్లి. లోపలి పిల్లికి రెండు రకాల టీకాలు, బయటి పిల్లికి ఉన్నవన్నీను. ఒకసారి బయటిదయిన పిల్లిని, ఉన్నవన్నీ పూర్తయి ధ్రువపత్రాలు చూపించే దాకా మళ్ళీ లోపలికి రానివ్వరు. చివరి వాక్యం లలితాంబగారు స్వయంగా రాశారు: "ఇందుకు ఎవరి విషయంలోనూ, ఏ కారణం చేతనూ మినహాయింపు లేదు." మినహాయింపు అనే మాట చొరబడితే చట్టానికి చిల్లు పడ్డట్టేనని ఆవిడ అభిప్రాయం.

నూకరత్నం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "బాగుందండి. రేపు పొద్దున్నే తీసుకెళ్ళి వేయించుకొచ్చేత్తానండి."

ముగ్గురూ ఆమె వంక జాలిగా చూశారు.

"తీసుకెళ్తే గేటు దాటుతుంది కదమ్మా," అన్నారు లలితాంబగారు.

"ఆసుపత్రి గేటవతలే గదండీ ఉంది."

"దాటిందంటే బయటి పిల్లి. అన్నీ పూర్తయితే గాని తిరిగి రాకూడదు."

"అన్నీ పూర్తవ్వాలంటే నెలలు పడుతుందంటండి! అన్నాళ్ళూ అది రోడ్డు మీదుంటాదేటండీ?"

"రోడ్డు మా పరిధిలోకి రాదు," అన్నారు చక్రధరరావుగారు. "గేటవతల మునిసిపాలిటీ."

"పోనీ తీసుకెళ్ళనండి. ఇంజెక్షన్లే వేయించను."

"వేయించని పిల్లిని లోపల ఉంచం. సర్క్యులర్ చదవలేదా?"

నూకరత్నం చదువుకున్నది తక్కువే గాని గుడ్డ ఎటు కత్తిరించినా జాకెట్టు రాదని తేలినప్పుడు ఆ సంగతి ఆమెకి వెంటనే తెలుస్తుంది. ఇది అలాంటి గుడ్డ. ఇంటికి వెళ్ళి కాజాని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. కాజా ఆమె మంగళసూత్రం తాడుతో ఆడుకుంది. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారు. హరివిల్లు రెసిడెన్సీలో మాత్రం చెలగాటం కమిటీది, ప్రాణసంకటం పిల్లిది.

ఇంకో దారి ఉంది. డాక్టర్నే ఇంటికి పిలిపించడం. నూకరత్నం అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీ మీద ఒకరు "పరిశీలించగలరు" అన్నారు, ఇంకొకరు "చర్చించగలరు" అన్నారు, వేరొకరు "ఎవరితో?" అన్నారు. పిల్లి తన పిల్లల్ని తిప్పింది ఏడిళ్ళే. కమిటీ ఆ కాగితాన్ని అన్ని అంతస్తులూ తిప్పింది. చివరికి తేలిందేమిటంటే, డాక్టరు ఎస్తేరు రోజంతా బయటి పిల్లుల్నీ కుక్కల్నీ ముట్టుకునే మనిషి, కాబట్టి ఆవిడ చేతులు బయటి పిల్లి కంటే బయటివి. ఆవిడ రావచ్చు, చేతులు రాకూడదు.

ఈలోగా వాచ్‌మన్ వీర్రాజు ఓ కబురు తెచ్చాడు. వీర్రాజుది కోనసీమ. ఏ మాటకయినా "ఆయ్" అని తలూపి, తన పని తను చూసుకునే మనిషి.

"టీ బడ్డీ వెనకాల ఆ తల్లిపిల్లి పిల్లలు రెండూ పోయాయంటమ్మా. వాంతులంట. తల్లి అక్కడక్కడే తిరుగుతాంది."

నూకరత్నం కత్తెర పక్కన పడేసి లేచింది. ఆ రెండూ కాజా తోడబుట్టినవి. బుట్టలో పెట్టే వంతు ముందు వాటికి వచ్చుంటే కాజా ఇప్పుడు టీ బడ్డీ వెనకాల ఉండేది. ఇక ఆమె రూలు, గీలు ఆలోచించలేదు. కాజాని కుట్టిన జాకెట్ల సంచిలో పెట్టి, పైన లైనింగ్ గుడ్డ కప్పి, గేటు దగ్గరికి వడివడిగా నడిచింది.

వీర్రాజుకి సంచి కదలడం కనిపించింది. ఆకాశం వంక చూస్తూ గేటు తీశాడు. సంచి సగం గేటు దాటేసరికి కాజాకి ఊపిరాడలేదో, ఊరు చూడాలనిపించిందో, లైనింగ్ గుడ్డ తోసుకుని తల బయటికి పెట్టింది. సరిగ్గా అప్పుడే చక్రధరరావుగారు వాకింగ్ నుంచి వస్తున్నారు. పిల్లి తల ఎదురుగా, ముక్కుకి బారెడు దూరంలో. ఆయన ఠక్కున ఆగిపోయారు. రెండడుగులు వెనక్కి వేసి, ఆ తరవాత శాస్త్రీయంగా కేకలు వేశారు.

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం. పిల్లి తల గేటు దాటింది, తోక దాటలేదు. ఇప్పుడది లోపలి పిల్లా, బయటి పిల్లా? గోడ మీద పిల్లి వాటం మనుషులు ముగ్గురూ నిజంగా అలాంటి పిల్లి ఎదురయ్యేసరికి తికమకపడ్డారు. ప్రాణం తలలో ఉంటుంది కనక బయటిదని తాతబాబు అన్నాడు. వాస్తు ప్రకారం శరీరంలో బరువయిన భాగం ఎటుంటే అటు లెక్కని కూడా ఆయనే అన్నాడు. లలితాంబగారు సందేహలాభం తోకకి ఇచ్చారు. కాజా ఒక్క తోక వల్ల లోపలి పిల్లిగా నిలిచింది. వీర్రాజుకి మాత్రం మెమో ఇచ్చారు: ఇకపై గేటు రూలుని అక్షరాలా పాటించకపోతే ఉద్యోగం ఊడుతుందని.

"ఆయ్," అన్నాడు వీర్రాజు. మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సంగతి తెలిసి డాక్టరు ఎస్తేరు తనే స్కూటరేసుకుని, మందుల ఐసు పెట్టె పట్టుకుని వచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. ఆవిడకి ఒళ్ళు మండింది. పశువులతో పనిచేసేవాళ్ళకి ఓపిక ఎక్కువంటారు గాని, ఆ ఓపికంతా పశువుల కోసం దాచుకున్నది.

"సార్, ఆ జబ్బు రావడానికి పిల్లి బయటికెళ్ళక్కర్లేదు. మీ చెప్పులకంటుకుని లోపలికొస్తుంది. రోజూ ఊరంతా తిరిగి ఆ మెట్లెక్కేది పిల్లి కాదు, మీరు! ఈ రూలు ఎవరికైనా పెట్టాలంటే ముందు మీకు పెట్టాలి."

ఆవిడ ఇది వెటకారంగా అంది. కమిటీతో వెటకారమాడకూడదని పాపం ఆవిడకి తెలీదు. చక్రధరరావుగారి కళ్ళు మెరిశాయి.

"చూశారా! నిపుణుల అభిప్రాయం. సైన్సు. మనం వెంటనే స్వీకరించాలి. మనకి భేషజం లేదని లోకానికి తెలుస్తుంది."

డాక్టర్ని వెనక్కి పంపేసి, తీర్మానం సవరించారు. పెద్దగా కష్టపడలేదు. "పిల్లి" అన్న చోటల్లా "ప్రాణి" అని దిద్దారు. గేటు దాటిన ప్రతి ప్రాణీ బయటి ప్రాణి. బయటి ప్రాణి తనకి వర్తించే టీకాలన్నిటి ధ్రువపత్రాలూ చూపించే దాకా లోపలికి రాకూడదు, సంఘం తీర్మానాల్లో ఓటు వెయ్యకూడదు. మినహాయింపు లేదన్న లలితాంబగారి వాక్యం అలాగే ఉంచారు. ఆదివారం పదిగంటల నుంచి అమలు. రూలు తమకీ వర్తిస్తుందా అన్న అనుమానం ముగ్గురిలో ఎవరికీ రాలేదు. రూలు చేసేవాళ్ళకి అలాంటి అనుమానాలు రావు. వస్తే రూళ్ళు పుట్టవు.

ఆ ఆదివారం కార్తీక వనభోజనాలు. అపార్టుమెంటంతా పొద్దున్నే బస్సెక్కి తోటకి వెళ్ళిపోయింది. కమిటీ ముగ్గురూ మాత్రం ప్రారంభోత్సవం కానిచ్చుకుని కారులో వెనకాల వెళ్దామని ఆగారు. పులిహోరా, పనసపొట్టు కూరా తమ కోసం దాచమని గట్టిగా చెప్పి పంపారు. నూకరత్నం వెళ్ళలేదు. ముందురోజు రాత్రి నుంచి కాజా పాలు ముట్టుకోలేదు. గుడ్డముక్కల బుట్టలో ముడుచుకుని పడుకుంది. నూకరత్నం దాని పక్కనే నేల మీద కూచుని, కనకమ్మవారికి మొక్కుకుంటూ, సంఘాన్ని నోరారా తిట్టుకుంటూ ఉంది. పిల్లి శాపాలకి ఉట్లు తెగవంటారు. పిల్లిని పెంచేవాళ్ళ శాపాల సంగతి ఎవరూ చెప్పలేదు.

గేటుకి అడ్డంగా తాతబాబు పసుపు రంగు గీత గీయించాడు. కొబ్బరికాయ కొట్టించాడు. ఓ పక్క "లోపల" అనీ, ఓ పక్క "బయట" అనీ బోర్డు పెట్టించాడు. ఫోటో తియ్యడానికి పేపరాయన వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు.

"సార్, కొంచెం గీతకి ఇవతలికి వస్తే బోర్డు కూడా పడుద్ది," అన్నాడు పేపరాయన.

ముగ్గురూ వచ్చారు. చక్రధరరావుగారు చెయ్యెత్తి విజయసూచకంగా గేటు వైపు చూపించారు. ఫోటో పడింది. వెనకాల గేటు గడియ కూడా పడింది.

"వీర్రాజూ, తియ్యి," అన్నారు చక్రధరరావుగారు.

"ధ్రువపత్రాలండి," అన్నాడు వీర్రాజు.

"ఏమిటి?"

"తవరు గేటు దాటారండి. పది దాటిందండి. తవరికి వర్తించేవన్నీ చూపించాలండి."

"ఈ రూలు చేసింది నేనయ్యా! తమాషాకి చేశాననుకున్నావా?"

"తమాషాకని అనుకోలేదండి. అందుకే తలుపేశాను." జేబులోంచి మెమో తీసి మర్యాదగా చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

చక్రధరరావుగారు చొక్కా చెయ్యి పైకి లాగి, చిన్నప్పుడు వేసిన మశూచి టీకా మచ్చ చూపించారు. రూపాయి బిళ్ళంత మచ్చ. వీర్రాజు గేటు ఊచల్లోంచి వంగి శ్రద్ధగా చూశాడు.

"మచ్చ కనపడతాందండి. కాయితం కనపట్లేదండి."

తాతబాబు తోటలో ఉన్న పెళ్ళానికి ఫోన్ చేసి తన చిన్నప్పటి టీకాల చీటీ ఎక్కడుందని అడిగాడు. ఎండదెబ్బ తగిలిందేమో, నిమ్మకాయ నీళ్ళు తాగమని ఆవిడ చెప్పింది. లలితాంబగారు తీర్మానం తెప్పించుకుని ఏదైనా సందు దొరుకుతుందేమోనని మొదటి నుంచి చివరిదాకా చదివారు. చివర తన వాక్యమే ఎదురయింది. ముప్ఫయ్యేళ్ళ ప్రాక్టీసులో ఆవిడ అంత పకడ్బందీగా ఇంకేదీ రాయలేదు.

కారు లోపల ఉంది. తాళాలు లోపల ఉన్నాయి. పులిహోర తోటలో ఉంది. ఎండ నెత్తిమీద ఉంది. వీర్రాజు స్టూలు మాత్రం గేటు లోపలి నీడలో ఉంది.

"రూలు మార్చేద్దాం," అన్నాడు తాతబాబు నీరసంగా.

"మనం మార్చలేం," అన్నారు లలితాంబగారు. "బయటి ప్రాణులకి ఓటు లేదు. లోపలివాళ్ళే మార్చాలి."

"లోపల ఎవరున్నారు?"

వీర్రాజు తల గోక్కున్నాడు. "జీతగాణ్ణి నన్ను లెక్కెయ్యరు గదండి. ఇక నూకరత్నమ్మగారండి. పిల్లండి."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, మొదటి అంతస్తు వైపు తలెత్తి, అంత ఎండలోనూ తియ్యని గొంతుతో పిలిచారు. నూకరత్నం కాజాని చీర చెంగులో చుట్టుకుని కిందికి వచ్చింది. గీతకి లోపలే నిలబడింది. వాళ్ళు చెప్పిందంతా విన్నది. మామూలుగా అయితే ఆమె గొంతు పెద్దవాళ్ళ ముందు లేవదు. ఆ రోజు లేచింది.

"ముందు డాక్టరమ్మని పిలిపించండి. నా పిల్లకి ఇంజెక్షన్ పడ్డాక మీ సంగతి చూస్తాను."

"అమ్మా, మేం ఎండలో ఉన్నాం..."

"ఇది నిన్న రాత్రి నుంచి పాలు తాగలేదండి. తవరు పొద్దున్న టిఫిను చేశారు."

చక్రధరరావుగారే స్వయంగా ఫోన్ చేశారు. డాక్టరు ఎస్తేరు స్కూటరు దిగి, గేటు ముందు చెట్టులేని చోట నిలబడ్డ ముగ్గురినీ చూసి ఏమీ అడగలేదు. వీర్రాజు ఆవిణ్ణీ అడిగాడు, "ధ్రువపత్రాలండి" అని. ఆవిడ సంచిలోంచి కాగితాల మడత తీసింది.

"పశువుల డాక్టర్లం బాబూ. కుక్క కరిచే దాకా ఆగితే మా పని నడవదు. రేబిస్‌ది, ధనుర్వాతానిది, అన్నీ ఉన్నాయి చూసుకో."

వీర్రాజు చూసుకుని, సెల్యూట్ కొట్టి, చిన్న తలుపు తీశాడు. వెనకే దూరబోయిన తాతబాబుకి బొజ్జ దగ్గర తలుపు తగిలింది. కార్యక్రమం మొత్తంలో రూలు ప్రకారం లోపలికి వెళ్ళిన మనిషి ఆవిడొక్కతే.

కుట్టు మిషను బల్ల మీద కాజాని పెట్టి డాక్టరు కళ్ళు చూసింది, చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, వేడి చూసింది.

"జ్వరం లేదు. జబ్బూ లేదు. నువ్వు పోసే గేదెపాలు దీనికి పడట్లేదు, అంతే. పాలు మానేసి ఉడకబెట్టిన చేప పెట్టు," అంది డాక్టరు. ఆ మాట అంటూనే సూది గుచ్చేసింది. కాజా ఓసారి ఇంత నోరు తెరిచి అరిచి, వెంటనే సిరంజి మూతతో ఆట మొదలుపెట్టింది. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

తరవాత కాజాని భుజాన వేసుకుని కిందికి వచ్చి, సంఘం మినిట్సు పుస్తకం అడిగి తీసుకుంది. రూలు రద్దు చేసి ఏమేం రాయాలో లలితాంబగారు గేటవతల నుంచి పెద్ద పెద్ద మాటల్లో చెప్పబోయారు. నూకరత్నం వినలేదు. "పిల్లి ఇక్కడే ఉంటాది. గేటు తియ్యాలి" అని రాసి సంతకం పెట్టింది. ఆ పుస్తకంలో అర్థమయ్యే తీర్మానం అదొక్కటే.

వీర్రాజు గేటు బార్లా తీశాడు. చక్రధరరావుగారు రుమాలుతో మొహం తుడుచుకుని, హోదా సర్దుకుని, కుడికాలు పైకెత్తారు. సరిగ్గా అప్పుడే కాజా నూకరత్నం భుజం మీంచి కిందికి దూకింది. తోక నిలువుగా పైకెత్తి, తొందర లేకుండా, పసుపు గీత వెంట ఎడమ నుంచి కుడికి ఆయన ముందు నడుచుకుంటూ పోయి, గోడ పక్కన కూచుని కాలు నాక్కోసాగింది.

చక్రధరరావుగారి కాలు గాలిలోనే ఆగిపోయింది. ఆయన ఆగితే వెనక తాతబాబు ఆగాడు. తాతబాబు ఆగితే లలితాంబగారు ఆగారు. వెనక్కి వెళ్ళి ఇంట్లో కూచుని మంచినీళ్ళు తాగి రావాలి. కాని ఇల్లు వెనక లేదు, ముందుంది. పేపరాయన ఇంకా వెళ్ళలేదు, కెమెరా మెళ్ళోనే ఉంది.

"మరేటండీ, కళ్ళజోడు మర్చిపోయారేటండీ?" అంది నూకరత్నం.

ఆయన కాలు మెల్లిగా కిందికి దించారు, గీతకి బయటే. స్కూటరు తీయబోతున్న డాక్టర్ని చేతి సైగతో దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి అడిగారు.

"డాక్టరుగారూ, మీది విజ్ఞానశాస్త్రం కదా. ఇదిలా ఎదురొచ్చినా ఎదటి మనిషికి దోషం అంటకుండా దీనికేదన్నా ఇంజెక్షన్ ఉందా?"

డాక్టరు ఎస్తేరు ఆయన మొహంలోకి ఓసారి చూసింది. తరవాత స్కూటరు మీదున్న ఐసు పెట్టె మూత తీసింది.

"ఉందండీ. కాకపోతే అది పిల్లికి వేసేది కాదు. చొక్కా చెయ్యి పైకి మడవండి."

చక్రధరరావుగారు మడిచారు. ఆయన వెనకాల తాతబాబు కూడా చొక్కా చెయ్యి మడుచుకుంటూ వరసలో నిలబడ్డాడు. లలితాంబగారు పేపరాయన్ని కాస్త అటు తిరగమన్నారు.